సున్నమాయనా?

ఈ మధ్య మా పాత ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె నన్ను చూడటానికి వచ్చింది. అక్కడ మురికినీళ్ళ ప్లాంటంతా ఇప్పుడు కంప్యూటరు మీద నడుస్తుందట. ఏ తొట్టిలో ఎంత పులుపు ఉంది, ఎంత గాలి ఆడుతోంది, అన్నీ తెర మీద కనిపిస్తాయట. "మీ రోజుల్లో ఇవన్నీ ఎలా తెలిసేవి మేడమ్?" అని అడిగింది. "అడిగి తెలుసుకునేవాళ్ళమమ్మా" అన్నాను. అందులో సగమే నిజం. అడగడం నాకు మొదటినుంచీ బాగా వచ్చు. ఎదుటి మనిషి చెప్పేది చివరిదాకా వినడం రాక ఒకసారి ఎంత పని చేశానో ఆ పిల్లకి చెప్పలేకపోయాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు ఎవరైనా చదువుతారని ఇక్కడ రాస్తున్నాను.

మాది అనంతపురం వైపు. బావిలో చేద వేస్తే అడుగున రాయి తగిలిన చప్పుడు వినిపించే ఊరు. సూక్ష్మజీవుల శాస్త్రం చదువుకుని, హైదరాబాదులో ఒక ల్యాబులో రెండేళ్ళు పనిచేసి, తొంభైల చివర్లో కోనసీమలో ఒక తవుడు నూనె ఫ్యాక్టరీకి కెమిస్టుగా వచ్చాను. పి.గన్నవరం దాటి రాజోలు వెళ్ళే దారిలో, రోడ్డు మీంచి కాస్త లోపలికి ఉండేది ఫ్యాక్టరీ. బస్సు దిగి నడుస్తుంటే కాలువలు, కాలువల్లోంచి బోదెలు, బోదెల్లోంచి చేలు. ఇన్ని నీళ్ళు పెట్టుకున్న ఊరికి నీళ్ళు బాగుచేయడానికి నేనెందుకా అనుకున్నాను. గేటు దాటాక ముక్కుకి తగిలిన వాసనతో జవాబు దొరికింది.

నూనె శుద్ధి చేసేటప్పుడు సబ్బులాంటి ముద్ద దిగుతుంది. దాన్ని యాసిడ్ పోసి విరగ్గొట్టి, అందులో ఉన్న కొవ్వు తీసుకుంటారు. తీసుకోగా మిగిలిన నీళ్ళు మా వాటా. నల్లగా, జిడ్డుగా, యాసిడ్ పులుపుతో ఉంటాయి. నేను రాకముందు ఏడాది ఆ నీళ్ళు బోదెలోకి పోయి ఒక రైతు నాట్లు ఊడ్చిన చేలో నూనె తెట్టు కట్టిందట. ఊరంతా వచ్చి గేటు ముందు కూర్చున్నారట. ఆ గొడవ మీదే ప్లాంటు కట్టారు. కాలుష్యం ఆఫీసు వాళ్ళు వచ్చి, నీళ్ళు తీసుకెళ్ళి పరీక్ష చేసి, బాగున్నాయని కాగితం ఇస్తే ఫ్యాక్టరీ నడుస్తుంది. ఇవ్వకపోతే మూతే.

ప్లాంటు గురించి ఎక్కువ చెప్పి విసిగించను. ముందు ఒక తొట్టిలో పైకి తేలిన నూనె తీసేస్తాం. తర్వాత సున్నం కలిపి పులుపు చంపుతాం. ఆ నీళ్ళని బ్యాక్టీరియా ఉన్న పెద్ద తొట్టిలోకి వదులుతాం. కింద నుంచి బ్లోయరు గాలి కొడుతుంటే, మిగిలిన జిడ్డంతా అవి తినేస్తాయి. ఆఖరుకి ఇసుక, కొబ్బరి చిప్పల బొగ్గు పరిచిన వడపోతలోంచి నీళ్ళు బయటికి వస్తాయి. బ్యాక్టీరియా అనే మాట అక్కడ ఎవరి నోరూ తిరగలేదు. అందరికీ అది పురుగుల తొట్టి. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే, సున్నం పడకుండా ఆ పులుపు నీళ్ళు పురుగుల తొట్టిలోకి పోకూడదు. పోతే చచ్చిపోతాయి.

ఆ తొట్టికి ఆపరేటరు ఒకాయన ఉండేవారు. యాభై దాటాయి. అంతకుముందు చాలా ఏళ్ళు కాలువ లాకుల దగ్గర రోజుకూలీ లస్కరుగా తలుపులు ఎత్తి దించేవారు. నేను ఆయన్ని "పెద్దాయనా" అనేదాన్ని. ఆయన నన్ను "మేడమ్ గారండీ" అనేవారు. వయసులో నాకు తండ్రిలాంటి మనిషి అలా గారూ అండీ రెండూ తగిలిస్తుంటే మొదట్లో నాకు చిరాకు. ఊరంతా అంతేనని తెలిశాక చిరాకు పడటం మానేశాను.

పురుగుల్ని మేమిద్దరం కలిసే పెంచాం. తొట్టిలో గేదె పేడ కలిపాం. బెల్లం పోశాం, యూరియా వేశాం. రోజూ కాస్త కాస్తగా నూనె నీళ్ళు అలవాటు చేశాం. రెండు నెలలకి తొట్టిలో నీళ్ళు ముదురు గోధుమ రంగుకి తిరిగి, వాన పడ్డ మట్టి వాసన వచ్చింది. ఆ రోజు ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టి ఆయన్ని చూడమన్నాను. కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి చూశారు.

"తిరుగుతున్నాయండీ" అన్నారు మెల్లగా.

"తింటాండాయి కూడా" అన్నాను.

"బుల్లి బుల్లిగా, ఎంత ముద్దుగా ఉన్నాయండీ."

ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో బ్యాక్టీరియాని ముద్దుగా ఉన్నాయన్న మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. అప్పటినుంచీ అవి పురుగులు కావు, పిల్లలు. ఆదివారం ఫ్యాక్టరీ ఆగితే పిల్లలకి ఆకలేస్తుందని సెలవు రోజు కూడా వచ్చి బెల్లం నీళ్ళు పోసి వెళ్ళేవారు. తొట్టిలో ఎక్కువైన బురదని ఎండబెట్టి పూడ్చమని నేను చెప్తే, బొగ్గు షెడ్డు వెనక గుంట తవ్వి అందులో దాచి, దానికీ బెల్లం పోస్తున్నారు. చూసి తిట్టాను. "చెప్పిన పని చెప్పినట్టు చెయ్యరాదా" అని గట్టిగానే అన్నాను. "అలాగేనండీ" అన్నారు. నేను ఆ గుంట వైపు మళ్ళీ వెళ్ళలేదు.

ఆయన భార్య కువైట్‌లో ఉండేది. ఒక ఇంట్లో వంటపని, పిల్లల పని. వెళ్ళి ఎనిమిదేళ్ళయింది. వెళ్ళేనాటికి వాళ్ళ అమ్మాయికి రెండేళ్ళు. ఇప్పుడా పిల్ల అమ్మమ్మ దగ్గర రాజోల్లో చదువుకుంటోంది. రెండేళ్ళకోసారి అక్కడ కాగితం తిరగరాయాలి. ఈసారి కార్తీకం వెళ్ళేలోపు ఉంటానో వస్తానో ఆమె చెప్పాలి. మా మేనేజరు గారు, కాలుష్యం కాగితం రాగానే పెద్దాయన్ని పర్మనెంటు చేస్తానన్నారు. పర్మనెంటయితే ఆమెని వచ్చెయ్యమంటారు, కాకపోతే ఇంకో రెండేళ్ళు ఉండమంటారు. భార్యాభర్తలు ఫోన్లో మాట్లాడుకుని పెట్టుకున్న ఏర్పాటు అది. శుక్రవారం శుక్రవారం రాజోలు ఎస్టీడీ బూతు దగ్గర కూర్చుని ఆమె ఫోను కోసం ఎదురుచూసేవారు. శనివారం వచ్చి, "ఎలా ఉందంట?" అని నేను అడిగితే, "బాగానే ఉన్నానందండీ. ఆవిడెప్పుడూ అదే అంటది" అనేవారు.

ఇక నా నిర్వాకం.

తనిఖీకి రెండు వారాల పైచిలుకు ఉందనగా, పొద్దున పదిగంటల వేళ ఫ్యాక్టరీ లోపలి నుంచి ఫోను. యాసిడ్ నీళ్ళ ట్యాంకు నిండిపోతోంది, వెంటనే వదలాలి అని. నేను పరుగెత్తుకుంటూ మెట్లెక్కి పురుగుల తొట్టి పైన వాల్వు దగ్గర నిలబడ్డాను. ఒక పక్క బ్లోయరు హోరు. కింద సున్నం తొట్టి దగ్గర పెద్దాయన కనిపించారు. పైనుంచి గట్టిగా అరిచాను.

"పెద్దాయనా, సున్నమాయనా?"

ఆయన తలెత్తి, "ఆయ్" అన్నారు.

నేను వాల్వు చక్రం తిప్పేశాను.

నా తెల్లకోటు జేబులో పులుపు చూసే పీహెచ్ కాగితాలు ఉన్నాయి. ఒకటి చింపి ముంచితే అర నిమిషంలో ఎర్రగా మారి చెప్పేది. ముంచలేదు. ఆయన ఆయ్ అన్నారు కదా, ఇంకేం చూడాలి అనుకున్నాను.

పెద్దాయన మెట్లెక్కి వచ్చేసరికి నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఆయన ఒక్క క్షణం ఆగి చూశారు. గబగబా దిగి, అటు చివర బోదెలోకి వదిలే తలుపు దగ్గరికి పరుగెత్తి దాన్ని బిగించేశారు. నేను చెప్పకుండానే చేసిన పని అది. అది చేయకపోతే ఆ రోజు ఆ నీళ్ళు మళ్ళీ ఊరి చేలల్లోకి పోయేవి. అప్పుడు చింపాను కాగితం. ముంచితే మిరపపండు రంగు వచ్చింది.

గంటలో తొట్టి మీద తెల్లటి నురగ లేచింది. మట్టి వాసన పోయి పుల్లటి కంపు మొదలైంది. మైక్రోస్కోపు కింద చూశాను. ఏదీ కదలడం లేదు. ఇంకో చుక్క పెట్టాను, ఇంకోటి పెట్టాను. పెద్దాయన ల్యాబు తలుపు దగ్గర నిలబడి నా ముఖమే చూస్తున్నారు. నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. కోపం బయటికి వచ్చింది.

"మీరు చెప్తేనే కదా తిప్పినా? ఆయ్ అన్లేదా మీరు?"

"ఆయ్, అన్నానండీ" అన్నారు తలొంచుకుని.

షిఫ్టు పుస్తకంలో రాశాను. "సున్నం కలపడం పూర్తయినట్టు ఆపరేటరు చెప్పగా వాల్వు తెరవబడినది." కింద ఆయన సంతకం పెట్టారు. చదవకుండానే పెట్టారు. నేను అబద్ధం రాశానని అనుకోలేదు. నా చెవులతో విన్నదే రాశాను.

చచ్చిన బురదంతా నూనెతో కలిసి వడపోతకి అడ్డం పడింది. చుక్క నీరు దిగలేదు. ఫ్యాక్టరీ ఆపాల్సి వచ్చింది. మేనేజరు గారు పుస్తకం తెప్పించుకుని చదివి, పెద్దాయన్ని పిలిపించారు. ఆ గదిలో నేను లేను. బయటికి వచ్చాక ఆయన చెట్టు కింద కూర్చుని కండువాతో మెడ తుడుచుకుంటున్నారు. ఏమన్నారని అడిగితే, "సోమారం నించి రావద్దన్నారండీ" అన్నారు. ఆ తర్వాత, నాకు కాదు, తనకే చెప్పుకుంటున్నట్టు, "ఈ శుక్రోరం ఆవిడకి ఏం చెప్పాలో" అన్నారు.

అప్పటికీ నాకు ఆయన మీద జాలి ఉందే కాని, తప్పు ఆయనదేననే ఉంది. అది దాచను.

మరుసటి రోజు సున్నం తెచ్చే మనిషి వచ్చాడు. గుల్లసున్నం బట్టీ ఉంది అతనికి. వారానికోసారి బండి మీద బస్తాలు తెచ్చి దింపి వెళ్తాడు. వచ్చి నా ముందు నిలబడి నసుగుతున్నాడు.

"మొన్న మీరు నన్ను పిలిచేరు గదండీ. మళ్ళీ లోపలికి రమ్మనలేదు. కోపం వచ్చిందేమో కనుక్కుందామని వచ్చేనండీ."

"నేనా? నిన్ను ఎప్పుడు పిలిచినాను?"

"అదేనండీ, పైనుంచి 'పెద్దాయనా, సున్నమాయనా' అన్నారు గదా. ఆయన 'ఆయ్' అన్నాడు. నేను బండితో గేటు కాడే ఉన్నాను. తెమ్మంటారని చూసేను. మీరేమో అటు తిరిగి చక్రం తిప్పుతున్నారు. మీ వెనకాలే ఆయన పరుగెత్తేడు. ఏదో పనిలో ఉన్నారని బస్తాలు గేటు కాడ దింపేసి ఎళ్ళిపోయేనండీ."

నేను షిఫ్టు పుస్తకం తెరిచి నా రాత మళ్ళీ చదువుకున్నాను.

మా అనంతపురంలో "వంటాయనా?" అంటే వంట అయిందా అని. "ఆయ" అంటే అయిందని. నేను "సున్నమాయనా?" అన్నది సున్నం కలపడం అయిందా అని. కోనసీమలో సున్నమాయన అంటే ఎదురుగా నిలబడ్డ ఈ మనిషి. పెద్దాయన చెవికి నేను సున్నం మనిషి వచ్చాడా అని అడిగినట్టు వినిపించింది. వచ్చాడు కాబట్టి ఆయ్ అన్నారు, ఇక్కడ అవుననడానికీ వింటున్నామనడానికీ అదే మాట. ఆయన ఆయ్ నా చెవికి ఆయ లాగా పడింది. ఇద్దరం తెలుగే మాట్లాడుకున్నాం. ఇద్దరం నిజమే చెప్పుకున్నాం. తొట్టెడు ప్రాణాలు పోయాయి.

మరి నాలుగు నెలలుగా ఆ ఆయ్ వింటూనే ఉన్నాను కదా, అప్పుడెందుకు తేడా రాలేదు? ఆలోచిస్తే తెలిసింది. నేను ఏది అడిగినా ఆయన అప్పటికే ఆ పని చేసేసి ఉండేవారు. ఆయన మాట నాకు అర్థమయిందని నేను అనుకున్నాను. ఆయన పనితనం నా తెలివితక్కువని కప్పుకొచ్చింది, అంతే.

పెద్దాయన దగ్గరికి వెళ్ళి, "సున్నం కలపలేదని నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"సున్నమాయన వచ్చేడా అని అడిగేరు, వచ్చేడన్నానండీ. కలిపేనని అన్లేదు. మీరు చక్రం తిప్పితే, కలపకుండా వదిలే పద్ధతి ఏదో ఉందేమో అనుకున్నాను. ఎందుకైనా మంచిదని బోదె తలుపు మాత్రం బిగించేనండీ. చదువుకున్నోరు గదండీ."

"మేనేజరు దగ్గరైనా చెప్పాల్సింది కదా?"

"మీ మీదకి వత్తాది గదండీ" అన్నారు. "ఊరు కాని ఊరు వచ్చేరు. ఆడపిల్ల."

మనిషి మంచితనం చూసి సిగ్గుతో చచ్చిపోవాలనిపించడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

షిఫ్టు పుస్తకం పట్టుకుని మేనేజరు గారి గదికి వెళ్ళాను. ఆయన గుంటూరు వైపు మనిషి. మాట కరుకు. పెద్దాయన్ని తీసేస్తున్నట్టు టైపు చేసిన కాగితం బల్ల మీద సంతకానికి సిద్ధంగా ఉంది.

"అది ఆపండి సార్. తప్పు నాది" అన్నాను. సున్నం మనిషి చెప్పిందంతా చెప్పాను.

"అదెట్టా? నా ముందు ఒప్పుకున్నాడమ్మా అతను. సున్నం వేశానని మేడమ్‌తో చెప్పావా అని అడిగితే ఆయ్ అన్నాడు."

"మీతో కూడా ఆయ్ అన్నారంటే, మీ మాట వింటాండాను అని సార్. ఒప్పుకున్నట్టు కాదు."

మేనేజరు గారు నన్ను ఎగాదిగా చూశారు. అంతలో అటెండరు టీ తెచ్చాడు. అతను అమలాపురం వాడు. మేనేజరు గారు ఫైలు మీంచి తల ఎత్తకుండానే అడిగారు.

"ఏమయ్యా, ఈ ఫ్యాక్టరీకి ఓనరువి నువ్వేనా?"

"ఆయ్" అన్నాడు అటెండరు, కప్పు కింద పెడుతూ. పెట్టాక, "ఏమన్నారండీ?" అన్నాడు.

మేనేజరు గారు నవ్వలేదు కాని, నవ్వు ఆపుకోవడానికి టీ తాగారు. అటెండరు ఏమీ అర్థం కాక వెళ్ళిపోయాడు. నేను అక్కడే నిలబడి, పుస్తకంలో నా పాత రాత కింద ఇంకో వాక్యం రాశాను. "ఆపరేటరు అలా చెప్పలేదు. నేను అలా విన్నాను. పరీక్ష చేయకుండా తెరిచాను." సంతకం పెట్టి ఆయన ముందుకు జరిపాను.

ఆయన అది చదివారు. "తనిఖీ వాళ్ళు రావడానికి రెండు వారాలుంది. ఈలోపు నీళ్ళు బాగుపడితే ఇద్దరూ ఉంటారు. లేకపోతే ఇద్దరికీ ఒకటే కాగితం టైపు కొట్టిస్తా" అన్నారు. అంతకన్నా న్యాయం నేను అడగగలిగింది లేదు.

మొదటిసారి పిల్లల్ని పెంచడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు రెండు వారాలు. నేను లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే పెద్దాయన వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

"మేడమ్ గారండీ, తిట్టనంటే ఒక మాట."

నోటిదాకా వచ్చిన "ఏంది చెప్పండి తొందరగా" అనే మాట మింగాను. ఆయన ముందు బొగ్గు గురించి చెప్పారు. తర్వాత ఎండ ఎక్కువగా ఉందన్నారు. ఆ తర్వాత తమ్ముడి గేదె ఈనిందన్నారు. నేను ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నాకు పన్ను పీకించుకున్నంత కష్టమైంది.

"ఆ షెడ్డెనకాల గుంట ఉంది గదండీ. మీరు పూడ్చమన్నది. నేను పూడ్చలేదండీ. చంపబుద్ధి కాలేదు. రోజూ కలియబెట్టి బెల్లం పోత్తానే ఉన్నాను."

ఒక చుక్క తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాను. తిరుగుతున్నాయి. మా నూనె నీళ్ళకి అలవాటు పడ్డవి, మా తొట్టి పిల్లలే. నేను ఆయన చేతులు రెండూ పట్టుకుని ఊపేశాను. నాకు అంతకుమించి మర్యాద తెలియలేదు.

ఆ రెండు వారాలు ఒళ్ళు హూనమైంది. చచ్చిన బురద తోడి పారేశాం. తొట్టి కడిగి, గుంటలోది బిందెలతో మోసి పోశాం. వడపోతలో ఇసుకంతా తీసి వేడినీళ్ళతో కడిగాం, బొగ్గు కొత్తది పరిచాం. సున్నం మనిషి కూడా పంచె ఎగ్గట్టి దిగాడు. "నా పేరు మీదే గదండీ ఇదంతా జరిగింది" అని అతని బాధ. నేను ఏది అడిగినా ముగ్గురం పడీపడీ నవ్వుకునేవాళ్ళం, ఎందుకంటే ప్రతి ప్రశ్నా మూడుసార్లు తిరగేసి అడిగేదాన్ని. సున్నం కలపడం పూర్తి అయిందా, మీ చేత్తో కలిపారా, కాగితం ముంచారా అని. "కలిపేనండీ. నా చేత్తోనే కలిపేనండీ. ముంచి చూసేనండీ, ఆకుపచ్చగా ఉందండీ" అని ఆయన బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవారు. అప్పుడు కూడా నేను వెళ్ళి ఇంకోసారి ముంచేదాన్ని.

తనిఖీ వాళ్ళు వచ్చారు. గాజు కూజాలో పట్టి ఎండలో ఎత్తి చూస్తే నీళ్ళు బాగానే కనిపించాయి. కళ్ళకి బాగుంటే చాలదు, కనిపించని నూనె ఎంతుందో ల్యాబు చెప్పాలి. సీసాల్లో పట్టుకుని సీలు వేసి తీసుకెళ్ళారు. ఫలితం రావడానికి టైము పడుతుందన్నారు.

ఆ మర్నాడే శుక్రవారం. కార్తీకంలో ఆఖరి శుక్రవారం. ఆమెకి చెప్పాల్సిన రోజు.

సాయంత్రం పెద్దాయన సైకిలు తీస్తూ, "ఏం చెప్పమంటారండీ?" అని అడిగారు.

నేను కెమిస్టుని. కాగితం రాకుండా ఏమీ చెప్పకూడదు. పీహెచ్ కాగితం ముంచకుండా ఒకసారి అంత పని చేశాను. అయినా ఆ రెండు వారాల్లో తొట్టిని నేను ఎన్నిసార్లు చూశానో నాకు తెలుసు. ప్రతి గంటా ముంచాను. ప్రతి పూటా చుక్క పెట్టి చూశాను. ఈసారి నేను విన్న మాట మీద కాదు, చూసినదాని మీద మాట్లాడుతున్నాను.

"రమ్మనండి" అన్నాను. తర్వాత భయం వేసి ఆటో ఎక్కి నేనూ రాజోలు వెళ్ళాను. ఆయన అద్దాల బూతులో ఫోను పట్టుకుని నిలబడ్డారు. బయటికి మాట వినపడదు. ఆయన కాసేపు మాట్లాడారు. తర్వాత చాలాసేపు విన్నారు. బయటికి వచ్చి, "వచ్చేత్తానందండీ" అన్నారు. కండువాతో కళ్ళు ఒత్తుకుని, నన్ను బస్టాండుదాకా దిగబెట్టి వెళ్ళారు.

ఫలితం ఎలా వచ్చిందో ముందే చెప్పేస్తాను, మీరు కంగారు పడకుండా. నీళ్ళు పాసయ్యాయి. పెద్దాయన పర్మనెంటయ్యారు, రిటైరయ్యేదాకా ఆ తొట్టి దగ్గరే ఉన్నారు. మేనేజరు గారు బదిలీ అయి వెళ్ళేనాటికి ఆయనకే ఆయ్ అలవాటైంది. కానీ ఆ కాగితం వచ్చేలోపే, ఆమె వచ్చేసింది.

ఒక మధ్యాహ్నం పెద్దాయన ఆమెని ప్లాంటుకి తీసుకొచ్చారు. సన్నటి మనిషి. తొట్టి అంచున నిలబడి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఆయన పిల్లల్ని చూసింది. ఆయన బెల్లం తేవడానికి కిందికి దిగారు. ఆగలేక చెప్పేశాను.

"అమ్మా, మిమ్మల్ని రమ్మని చెప్పమన్నది నేనే. ఫలితం ఇంకా రాలేదు. ఒకవేళ బాగా రాకపోతే ఆయన ఉద్యోగం పోతుంది. మీరు అక్కడిది వదులుకుని వచ్చేశారు. నన్ను క్షమించాలి."

ఆమె నా వైపు తిరిగింది. ఏదో అనబోయి ఆగింది. నేను మధ్యలో దూరలేదు. ఎంతసేపైనా ఆగేలా ఉన్నాను.

"మీ మాట మీద రాలేదండీ నేను" అంది. "ఈయన మాట మీదా రాలేదు. ఈయనకి చెప్పలేదండీ, తను రమ్మంటే వచ్చేననుకుని సంతోషిత్తారని. అంతకి ముందే వచ్చేత్తానని అక్కడ చెప్పేసేను."

"ఎందుకమ్మా?"

"ఓ రోజు శుక్రోరందాకా ఉండబట్టలేక మా అమ్మ పక్కింటికి ఫోన్ చేసేనండీ. అక్కడే ఆడుకుంటా మా అమ్మాయి ఎత్తింది. 'అమ్మా' అన్నాను. 'ఎవరండీ మాట్టాడేది?' అంది. నేను చెప్పలేకపోయేను. 'ఎవరు కావాలండీ?' అని మళ్ళీ అడిగింది." ఆమె కొంగు ముక్కు మీంచి కళ్ళ మీదికి జరుపుకుంది. "పిల్ల తప్పు లేదండీ. ఎంత మర్యాదగా అడిగిందో."